మోర్వెన్నా లెక్కలు కోటా దాటిన సంగతి

నవంబరు 21. నైరుతి గాలి, సన్నటి వాన. చిరిగిన వల కుట్టడం పూర్తయింది.

హోల్‌రాయిడ్ టీచరు గారికి, మోర్వెన్నా తండ్రి డెన్జిల్ నాన్స్ నమస్కరించి రాస్తున్నది.

మా అమ్మాయి రిపోర్టు అందింది. ఒక్కో సబ్జెక్టుకూ రెండేసి గ్రేడులున్నాయి. ఒకటి లక్ష్యం, ఒకటి అంచనా. మీ లెక్కల్లో లక్ష్యం నాలుగు, అంచనా ఐదు, పచ్చరంగు పూశారు. ఫ్రెంచిలో లక్ష్యం ఆరు, అంచనా ఐదు, ఎర్రరంగు. తొమ్మిది అన్నిటికన్నా పైదని అమ్మాయి చెప్పింది.

నేను బడిలో ఎక్కువకాలం ఉన్నవాణ్ణి కాను. చదివిందంతా పడవ మీదే. కనుక నాకు తెలిసిన పద్ధతిలో అర్థం చేసుకున్నాను. మా పడవకు నెలకింత హేక్ చేప అని ప్రభుత్వం కోటా ఇస్తుంది. అంతకు మించి ఒడ్డుకు తెస్తే జరిమానా. మీరు నాలుగు కేటాయిస్తే మా పిల్ల ఐదుకు పోతోంది. తెలియక జరిగింది, మన్నించాలి. "నాలుగు రాగానే ఆపెయ్యమ్మా" అని చెప్పాను. "సరే నాన్నా" అని నాకేసి ఒకలా చూసి మేడెక్కిపోయింది.

ఒక విన్నపం. మాలో ఒక రకం చేప కోటా మిగిలితే మరో రకానికి మార్చుకోనిస్తారు. లెక్కల్లో ఎక్కువైన ఒకటీ ఫ్రెంచిలో వేయడానికి వీలుంటుందా?

ఇట్లు,
డి. నాన్స్

తా.క. అది కుదరకపోతే, పక్క పడవ పాస్కో కొడుకు జాగోకి లెక్కల్లో ఒకటి తగ్గిందట. వాళ్ళకిచ్చినా మాకు అభ్యంతరం లేదు. పోయినేడు పాస్కో మాకు పొలాక్ చేప ఇచ్చాడు.

*

నవంబరు 25

నాన్స్ గారికి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈలోగా టీ చల్లారిపోయింది.

లక్ష్యం హద్దు కాదండీ. దాటితే మాకు సంతోషమే. పదకొండేళ్ళప్పుడు మోర్వెన్నా రాసిన పరీక్షలు చూసి, అవే మార్కులొచ్చిన పిల్లలు పదహారేళ్ళకు ఎంత తెచ్చుకుంటారో యంత్రం లెక్కగట్టి ఇచ్చే అంకె అది. అంచనా మాత్రం నేను వేసేది. ఇప్పటి తీరు చూస్తే వేసవి పరీక్షల్లో ఎంత రావచ్చో అని. అంచనా లక్ష్యాన్ని అందుకుంటే పచ్చ, అంటే దిగులు లేదని. అందుకోకపోతే ఎర్ర, అంటే మేము వెంటపడతామని. ఫ్రెంచి టీచరు ఇప్పటికే వెంటపడుతున్నారు.

మార్పిడి కుదరదని చెప్పడానికి విచారిస్తున్నాను.

మీ,
ఎమ్. హోల్‌రాయిడ్

తా.క. జాగోతో అనకుండా ఉండలేకపోయాను. "ఆ ఒకటీ శుక్రవారం లోపల దొరుకుతుందా మిస్?" అన్నాడు.

*

డిసెంబరు 5. గాలి లేదు, పొగమంచు. పీతల బుట్టలు కడిగి ఆరబెట్టాను.

హోల్‌రాయిడ్ టీచరు గారికి నమస్కారాలు.

విడమరిచి చెప్పారు, ఇప్పుడు బోధపడింది. పచ్చ అంటే దిగులు లేదు. పడవ నిండాక ఇంకా సముద్రంలో ఏం పని? లెక్కల పుస్తకం అటకెక్కించమన్నాను. బడయ్యాక మీరు అందరికీ చెప్పే తరగతికి బదులు ఫ్రెంచికి పంపుతున్నాను.

ఒక్క సందేహం. పదకొండేళ్ళప్పుడు ఆ పరీక్షల వారం దానికి ఆటలమ్మ పోసి తగ్గుతోంది. ఒక చేత్తో గోక్కుంటూ ఇంకో చేత్తో రాసింది. అది లెక్కలోకి వస్తుందా? ఊరికే అడిగాను.

ఇట్లు,
డి. నాన్స్

తా.క. మా ఆవిడ నాకూ ఒక రిపోర్టు రాసింది. వంటింటి అల్మరా తలుపు బాగుచేయడం: లక్ష్యం క్రిస్మస్, అంచనా ఈ జన్మలో కాదు. ఎర్రరంగు కూడా పూసింది.

*

జనవరి 20

నాన్స్ గారికి నమస్కారం.

నమూనా పరీక్షలో మోర్వెన్నాకి మూడు వచ్చింది. అంటే ఎర్ర. పేపరు తెరిచి చూస్తే మొదటి ఐదు పేజీల్లో ఒక్క తప్పు లేదు. ఆ తర్వాత ఒక్క గీత లేదు. నాకు మీ మొదటి ఉత్తరం గుర్తొచ్చింది. కోటా నిండిందని పెన్ను మూసేసిందా?

నవ్వులాట కాదు. వేసవి పరీక్షకు రెండు రకాల పేపర్లుంటాయి. కింది పేపరు ఎంత బాగా రాసినా ఐదు దాటదు. పై పేపరులో తొమ్మిది దాకా రావచ్చు, కానీ తప్పితే అసలు గ్రేడే లేకుండా పోవచ్చు. ఎవరు ఏది రాయాలో ఫిబ్రవరిలో తేల్చాలి. మోర్వెన్నాకి సముద్రం అడుగు పటాలు గీసే చదువు చదవాలని ఉంది. కాలేజీ వాళ్ళు లెక్కల్లో ఏడు అడుగుతారు. మా తరగతి కింది పేపరు తరగతి. మూడు వచ్చిన పిల్లని పైకి పంపండని మా బడి పెద్దవాళ్ళను ఎలా అడగను?

మీ,
ఎమ్. హోల్‌రాయిడ్

తా.క. ఆటలమ్మ లెక్కలోకి రాదు. యంత్రానికి దురద తెలియదు.

*

జనవరి 23. వాయవ్యం నుంచి గాలివాన. పడవలు కదల్లేదు. తాళ్ళు ముడేశాను.

హోల్‌రాయిడ్ టీచరు గారికి.

ఆపమన్నది నేనే. పటాల చదువు సంగతి మీరు రాసేదాకా నాకు తెలియదు. మా ఇంట్లో మాటలు తక్కువ.

హద్దు లేదన్నారు. ఇప్పుడు ఐదు దగ్గర ఉందంటున్నారు. తప్పు పట్టడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. యంత్రం అంకె వద్దు, రిపోర్టు అంకె వద్దు. ఈ పిల్ల పై పేపరు రాస్తే ఏమవుతుందని మీ మనసుకు తోస్తోంది? తుపానైతే తుపానని చెప్పండి. వాతావరణం చెప్పినవాళ్ళతో నేనెన్నడూ తగువు పడలేదు.

డి. నాన్స్

తా.క. అల్మరా తలుపు బాగుచేశాను. ఇంట్లో అందరూ దాన్ని తెరిచి మూసి, మళ్ళీ తెరిచి చూస్తున్నారు.

*

జనవరి 29

నాన్స్ గారికి నమస్కారం.

ఏడు. తడబడితే ఆరు. బాగా తడబడితే ఏమీ రాకపోవచ్చు, అదీ దాచను.

మరి ఐదని ఎందుకు రాశానంటారు. మాకూ లక్ష్యాలుంటాయండీ. ఏడని రాస్తే పై పేపరుకు పంపాలి, పంపాక ఐదొస్తే నన్ను గదిలోకి పిలుస్తారు. కింది పేపరులో ఐదని రాసి ఐదు తెప్పిస్తే మెచ్చుకుంటారు. అందుకని కాస్త తగ్గించి రాస్తాం. మీ కోటా మాటకు ఆ రోజు నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఆ ఐదు పేజీలూ పట్టుకెళ్ళి పెద్దవాళ్ళ బల్ల మీద పెట్టాను. మీరు ఒప్పుకుంటే సరేనన్నారు. వచ్చే వారం నుంచి మధ్యాహ్నాలు కూడా నా దగ్గర కూర్చోవాలి. పై పేపరు పాఠాలు చాలా మిగిలున్నాయి. సమ్మతి కాగితం జతచేశాను.

మీ,
ఎమ్. హోల్‌రాయిడ్

తా.క. ఎందుకు ఆపేసిందో నాకు చెప్పలేదు. "నాన్నను ఏమీ అనకండి మిస్" అంది, అంతే.

*

ఫిబ్రవరి 1. తూర్పు గాలి, ఎండ కాసింది.

హోల్‌రాయిడ్ టీచరు గారికి నమస్కారాలు.

కాగితం మీద సంతకం చేశాను. జతగా ఉంది.

అడిగాను. ఇద్దరం పడవలో నీళ్ళు తోడుతున్నాం, మొహం చూడక్కర్లేదు కనుక అడగగలిగాను.

"నేను ఆపమన్నాననేనా?"

"నీ మాట నేనెప్పుడు విన్నాను నాన్నా?"

"మరి?"

"జాగో ఎర్ర. వాడి పక్కన మిస్ వచ్చి కూర్చుంటుంది. ఫ్రెంచిలో నేను ఎర్ర. ఇంటికి ఫోన్లు, అదనపు తరగతులు. లెక్కల్లో పచ్చ. పచ్చవాళ్ళ దగ్గరికి ఎవరూ రారు. పై పేపరు రాస్తానని రెండుసార్లు అడిగాను. 'నువ్వు బాగానే ఉన్నావుగా' అంది మిస్. అందుకని ఎర్రనయ్యాను."

"సరిగ్గా మూడు దగ్గర ఎలా ఆపావు?"

"మార్కులు కూడుకుంటూ రాశాను. మూడుకు సరిపోగానే పెన్ను పెట్టేశాను. ఇంకో లెక్క చేస్తే నాలుగైపోతుంది."

బాల్చీ కింద పెట్టి కాసేపు నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. మీ ఒక్కరి సంగతే కాదు టీచరు గారూ. అన్నం తింటోంది, బడికి పోతోంది, దిగులు లేదని నేనూ పదహారేళ్ళుగా దాన్ని పచ్చలోనే రాసుకున్నాను.

వంటింట్లోంచి పిలుస్తోంది. పై పేపరు నమూనా ఒకటి రాస్తుందట, గడియారం పట్టుకుని ఎదురుగా నన్ను కూర్చోమంటోంది. ఇవాళ చేసిన పని రాయడం మరిచాను. పొద్దున్నే ఇంజను విప్పి... అదిగో, మళ్ళీ పిలుస్తోంది.