చెంప మీద మరక

తెనాలి,
12-8-1988.

చిరంజీవి శేఖరానికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నాన్నగారు రోజూ రేపల్లె రైల్లో కునుకు తీస్తూ డ్యూటీకి వెళ్ళొస్తున్నారు. బాపట్ల హాస్టల్లో సాంబారు నీళ్ళలా ఉంటోందని రాశావు. సెలవులకు వస్తే కందిపొడి కొట్టిస్తాను, అందాకా సర్దుకో.

"ఈ వయసులో నీకు బొమ్మలేంటమ్మా" అని వెక్కిరిస్తూనే ఎంతవరకు వచ్చిందని అడిగావు. నాకు బొమ్మలు నేర్పే చెంచురామయ్య మాస్టారింట్లో పాత ఆయిల్ పెయింటింగ్ ఉంది, పూలు కడుతున్న ఆవిడ బొమ్మ. మాస్టారి పసితనంలోనే పోయిన వాళ్ళమ్మను వాళ్ళ నాన్నగారు గుర్తు తెచ్చుకుని వేశారట. ఆవిడకు ఫోటో కూడా లేదు. దాన్నే చూసి దించుతున్నాను. ముందు కొలతకు గళ్ళు, తర్వాత చీర, చేతులు, ముఖం ఆఖరున. అది మాస్టారి పద్ధతి. చీర కుచ్చిళ్ళకే రెండు నెలలు పట్టింది, ముఖం ఇంకా మొదలుపెట్టలేదు.

మాస్టారికి కళ్ళలో శుక్లాలు. పాఠానికి ముందు తడుముకుంటూ వచ్చి, ఆవిడ చెంప మీద ఒక వేలు ఆనించి, అప్పుడు కూర్చునేవారు.

నాన్నగారికి కూడా చెప్పని సంగతి ఒకటి నీకు చెప్పాలి. పోయిన వారం మాస్టారు లోపల పడుకుంటే ఒక్కదాన్నే వేసుకుంటున్నాను. ఆవిడ చెంప మీద నల్లటి మరక కనిపించింది. రోజూ వేలు పెట్టి పెట్టి జిడ్డు పట్టిందనుకున్నాను. నా సంగతి తెలుసు కదా, మరక కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. గుడ్డకు టర్పెంటైన్ అద్ది చెంపంతా గట్టిగా రుద్ది తుడిచాను. పోయింది. సంతోషించాను కూడా.

మర్నాడు ఆపరేషన్‌కు గుంటూరు బయల్దేరుతూ మాస్టారన్నారు, "నాలుగేళ్ళయిందండి సరిగ్గా కనపడక. కట్టు విప్పగానే ముందు మా అమ్మ పుట్టుమచ్చ చూసుకోవాలండి రాఘవమ్మగారూ."

నేను తుడిచింది మరక కాదు.

ఆయన ఊళ్ళో లేనప్పుడు రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళి కుంచెకు రంగు అద్దాను. మచ్చ కంటి కిందా, పెదవి పక్కనా? ఎంత తలుచుకున్నా సరిగ్గా గుర్తు రాలేదు. ముఖం దాకా వచ్చి ఉంటే కొలత తెలిసేది. ఎక్కడో ఒకచోట పెడితే ఆయన నమ్ముతారేమో కూడా. అదే భయమేసింది. ఆయనకు అమ్మంటే ఆ బొమ్మే కదరా. కుంచె కడిగేశాను.

ఆయన ఇంటికి వచ్చేశారు. సోమవారం కట్టు విప్పుతారు. రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తాను. తిడితే పడతాను. ఏమీ అనకుండా ఊరుకుంటేనే తట్టుకోలేను. చెప్పాక, కట్టు ఉండగానే ఆయన చెయ్యి పట్టుకుని బొమ్మ దగ్గరకు తీసుకెళ్తాను. ఆ వేలు ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెడతాను.

ఆగకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు శేఖరం.

ఇట్లు,
తుడవకుండా ఉండలేని నీ అమ్మ,
రాఘవమ్మ