ఒక్కసారే కనబడ్డ అచ్చు

బుధవారం, పెడన

మనవరాలు శిరీష ల్యాప్‌టాప్‌లో గ్రీకుల వెండి నాణేల ఫొటోలు చూపించింది. రెండు వేల ఏళ్లకు పైబడినవట. ఏ నాణెం ఏ అచ్చుతో కొట్టారో పోల్చి, మొత్తం ఎన్ని కొట్టి ఉంటారో అంచనా వెయ్యడం దాని చదువు.

"ఈ రెండూ వేరే వేరే అచ్చులు తాతయ్యా."

"కళ్లజోడు మార్చుకోవే. రెండూ ఒకటే. నాణెం మీది గుడ్లగూబ ముక్కు పక్కన గీత చూడు. అచ్చు పగిలితే అలాగే పడిద్ది. రెండో నాణెం నాటికి పగులు పెరిగింది."

నలభై ఏళ్లు కలంకారీ అచ్చులు అద్దినవాణ్ణి, ఆ మాత్రం తెలీదా. మామూలుగా అయితే వారం రోజులు దాన్ని ఆటపట్టించేవాణ్ణి. మా ఆవిడ రమణ పోయిన దగ్గర్నుంచి నాకు నవ్వూ రావడం లేదు, ఏడుపూ రావడం లేదు.

"మరి దొరకని అచ్చుల సంగతేంటే?" అన్నాను.

"ఒక్కసారే కనబడ్డ అచ్చులు ఎన్నో చూస్తాం తాతయ్యా. అవి ఎక్కువుంటే, మన కంటపడనివి ఇంకా చాలా ఉన్నట్టు."

అన్నం తింటున్నా అదే మాట తిరిగింది. కాపురం చేసినన్నాళ్లూ రమణ మీద జోకులేశాను. అన్నిటికీ నవ్వేది. ఒకసారి చుట్టాల ముందు దాని చేతులకంటిన నల్లరంగుని వెక్కిరించాను. ఆ సాయంత్రం కాలవలో బట్ట జాడిస్తూ ఏడవడం చూశాను. ఒక్కసారే కదా అని ఊరుకున్నాను.

ఒక్కటే కనబడితే ఎన్ని ఉన్నట్టని శిరీషని అడుగుదామనుకున్నాను. అడగలేదు. అడిగితే చెప్పేస్తుంది.