బంటికి తెలిసిన చప్పుడు

సుమనకు,

యుగేందర్ రాస్తున్న ఉత్తరం. తొర్రూరులో అందరం క్షేమమని రాద్దామంటే చెయ్యి రాలేదు. అమ్మా నేనూ ఉన్నాం, వేళకు ఇంత తింటున్నాం. భూపాలపల్లిలో నువ్వూ మీ అమ్మానాన్నలూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే ఇద్దరం ఏడవడమే తప్ప మాట పెగలడం లేదు. నువ్వు ఉత్తరం రాసి మంచి పని చేశావు.

అడిగినవాటికి జవాబులు చెప్తాను. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నువ్వు పెట్టిన బీరతీగ కాసింది. నేను కూర వండితే అడుగంటింది, అమ్మే ఏదో సర్దింది. బంటి బట్టలు ఎవరికీ ఇవ్వలేదు, నువ్వొచ్చాకే చూద్దాం. కారు చప్పుడు పోయిందా అని చివర్లో అడిగావు. పోయింది. మొన్న ఆదివారం మన వాకిట్లోనే వెనక బ్రేకు డిస్కులు రెండూ నేనే మార్చాను.

నువ్వు నమ్మవు. "బల్బు మార్చనీకే మనిషిని పిలుస్తవ్, నువ్వు డిస్కులు మారుస్తవా?" అంటావు. మెకానిక్ షెడ్డు నగేష్‌ను అడిగి ఎట్లా చేయాలో తెలుసుకుని, అతని పనిముట్లే తెచ్చుకున్నాను. ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేకు దించి, వెనక జాకీతో ఎత్తి మొద్దు పెట్టి, చక్రాలు విప్పాను. పాత డిస్కు తుప్పుకు అతుక్కుపోయి ఎంతకీ రాదు! సుత్తితో కొట్టీ కొట్టీ చేతులు బొబ్బలెక్కాయి. ఊడొచ్చాక చూస్తే చుట్టూ లోతుగా గీతలు. డిస్కును పట్టి ఆపే ప్యాడ్లు పూర్తిగా అరిగి ఇనుముకు ఇనుము రాసుకుంటోంది. ఇన్నాళ్లూ మనం విన్న కీచు చప్పుడు అదే.

కొత్త డిస్కులూ ప్యాడ్లూ బిగించాక అమ్మను కార్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కమన్నాను.

"అరేయ్, గిది మెత్తగ లోపలికే పోతాంది!" అని పరేషానైంది.

"తొక్కుతనే ఉండమ్మా, జర సేపైతే గట్టిపడ్తది."

నేను చెప్పినట్టే గట్టిపడింది.

నేను కిరాయి ముగించుకుని వస్తుంటే, సందు మలుపులో ఆ కీచు వినగానే బంటి అన్నం ముద్ద వదిలేసి "బాపు అచ్చిండు!" అని గేటుకు ఉరికేవాడు. ఎన్ని బండ్లు పోయినా కదిలేవాడు కాదు, మన కారుకే కదిలేవాడు. జ్వరంతో దవాఖానలో వాడు పోయాక కూడా కారు రోజూ అట్లాగే కూసింది. ఒక సాయంత్రం నువ్వు గేటు తీసి, "బంటీ, ఆగు బిడ్డా, బండి ఆగనియ్యి" అంటూ వంగి చెయ్యి అడ్డం పెట్టావు. అక్కడ ఎవరూ లేరు. అక్కడే కూలబడ్డావు. తెల్లారి పుట్టింటి బస్సెక్కావు. నేను ఆపలేదు. ఏ మొహం పెట్టుకుని ఆపను?

ఇప్పుడైనా నీకో మాట చెప్పాలి. ఆ డిస్కులు నేను మొన్న కొన్నవి కావు. వాడి దినాలు కాగానే తెచ్చి మంచం కింద దాచాను. తీరిక లేదని నీకు అబద్ధం చెప్పాను. ఆ చప్పుడు నిన్ను లోపల కోసేస్తోందని నాకు తెలుసు. కానీ సుమనా, వాడు నన్ను పోల్చుకున్నది ఆ చప్పుడుతోనే. అది తీసేస్తే, వాడెక్కడున్నా వాళ్ల బాపు ఇంటికొచ్చాడని ఎట్లా తెలుస్తుంది? పిచ్చి మాటే. ఆ పిచ్చితోనే నిన్ను అంత ఏడిపించాను.

పని అయ్యాక కారు ఊళ్లో ఒక చుట్టు తిప్పి వచ్చాను. మలుపులో బ్రేకు వేస్తే ఏ చప్పుడూ లేదు. గేటు ముందు ఆపి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. బిడ్డ మళ్లీ పోయినట్టయింది. చాలాసేపటికి అమ్మ బయటికొచ్చి, "నువ్వచ్చినవని నాకే తెల్వలే కొడుకా" అంది.

వచ్చే ఆదివారం పొద్దున్నే మీ ఇంటికి వస్తాను. నిన్ను బలవంతం చేయను, మనసైతేనే కారెక్కు. కారు మీ వాకిట్లోకి వచ్చినా ఇప్పుడు నీకు వినిపించదు. అందుకే ముందే రాస్తున్నాను. ఒక్కసారి గేటు దాకా రా.

ఇట్లు,
బంటి వాళ్ల బాపు