చెక్క నేలకు బెల్టు బిగించకు

హంఫ్రీ,

ముందు ఆ డ్రిల్లు కింద పెట్టు. ఇన్సూరెన్స్ ఆయన ఫోన్ చేశాడు. "అంత పాత కారుకు సీటు బెల్టు పెట్టమని చట్టం అడగదమ్మా. కానీ దాని చెక్క నేలకు బిగించిన బెల్టు ఊడొచ్చి ఎవరికైనా దెబ్బ తగిలితే మీ ఆయనదే పూచీ" అన్నాడు. కింది ఇనుప చట్రానికే బిగించాలట. మంగళవారం మెకానిక్ వస్తాడు.

అందాకా మనవరాలిని రోడ్డు మీద తిప్పకు. మేబెల్‌కు ఇంకా మూడేళ్లు నిండలేదు, బెల్టు లేని కారులో ఎక్కించుకుంటే నేరం. టోపీ పెట్టుకొచ్చి "తాతా, పాంపాం!" అంటుంది, నువ్వు కరిగిపోతావు. వాకిట్లోనే కూర్చోబెట్టి హారన్ కొట్టించు.

చర్చి సంత నుంచి నాలుగింటికి వస్తాను.

డోరీన్

నలభై ఏళ్లుగా మలుపు మలుపుకూ తలుపు పట్టుకుని నీ పక్కన కూర్చున్నాను, ఏనాడూ నీకు బెల్టు గుర్తు రాలేదు. నా వైపు కూడా ఒకటి బిగించమను.