రాతిలో గాలి

మార్చి 3
శాంపిల్ వచ్చింది. ఆకాశం నుంచి పడ్డ రాయిలోంచి తీసిన రెండు రేణువులు. నువ్వుగింజలో సగం లేవు. లోపల చిక్కుకున్న వాయువు సూర్యుడితోపాటు పుట్టిందో, అంతకన్నా ముందుదో చూడాలి. లేజర్‌తో కాలిస్తే బయటికొస్తుంది. ఒక్కసారే. మా ల్యాబ్ పెద్దాయనది పాతికేళ్లుగా ఒకటే మాట: భూమ్మీది గాలిని ఇలాంటి రాళ్లే మోసుకొచ్చాయని.

మార్చి 5
మొదటి రేణువు కాల్చాం. వచ్చిన జెనాన్ వాయువులో తేలిక, బరువు రకాల పాళ్లు అచ్చం భూమి గాలిలో ఉన్నట్టే ఉన్నాయి. పెద్దాయన కళ్లు చెమర్చాయి. వచ్చే వారం సెమినార్‌లో చెప్పేస్తానన్నారు.

మార్చి 6, ఉదయం
ఆర్గాన్ కూడా అచ్చం గాలిలాగే. అన్నీ అంత చక్కగా కుదరడమే నచ్చలేదు. ల్యాబ్‌లోని గాలే వాయువును కొలిచే మెషీన్‌లోకి దూరి ఉండాలి.
రాతిలో గాలి కనిపెడతావు, పొయ్యి మీద పాలు పొంగితే కనిపెట్టవేం తల్లీ అంది అత్తయ్య. గిన్నె మాడింది.

సాయంత్రం
లీకేమో సార్ అన్నాను. నేను బిగించిన జాయింట్లు లీకవ్వవు, మంచి జరిగితే నీకు నిద్రపట్టదా అన్నారు. తలుపు ధడాలున వేసుకుని వెళ్లారు.

మార్చి 7
పెద్దాయన సెమినార్ స్లైడ్లు సిద్ధం చేసుకుంటున్నారు.

మార్చి 10
చాటుగా వెతకడం ఇష్టంలేక, ఆయన ఎదురుగానే జాయింట్ల చుట్టూ హీలియం వదిలాను. లీకుంటే అది లోపలికి దూరి, తెర మీద గీత పైకి లేస్తుంది. మూడో జాయింట్ దగ్గర లేచింది. పెద్దాయన రెంచీ అందుకున్నారు. అది నట్టు మీద నిలవలేదు. చెయ్యి వణుకుతోంది.
ఎప్పట్నుంచి సార్ అన్నాను. చలికాలం నుంచి, తగ్గేది కాదన్నాడు డాక్టరు, ఇంట్లో ఇంకా చెప్పలేదు అన్నారు. రెంచీ నా చేతిలో పెట్టి, గట్టిగా తిప్పమ్మా అన్నారు.
తర్వాత ఆయనే ఫోన్ చేసి సెమినార్ రద్దు చేయించారు. పొరపాటు నాదేనండీ అనడం విన్నాను.

మార్చి 14
రెండో రేణువు. నువ్వే కాల్చు అన్నారు. వాయువు కొంచెమే వచ్చింది. గాలితో పోలికే లేదు. బరువైన రకం జెనాన్ ఎక్కువ. సూర్యుడు పుట్టకముందే ఏదో నక్షత్రంలో తయారైంది. ఈ రాయి విషయంలో పెద్దాయన పాతికేళ్ల మాట చెల్లలేదు.
పెద్దాయన తెర మీది అంకెలు మళ్లీ ఒకసారి లెక్కేసుకున్నారు. పోనీలే, నాకంటే ముసలిది దొరికింది అన్నారు. ముందు నేనే నవ్వాను.

సాయంత్రం
కొలత అయిపోయాక మెషీన్ లోపల మిగిలిన వాయువును పంపుతో తోడేయాలి. పంపు గొట్టం మా గదిలోకే తెరుచుకుంటుంది. పెద్దాయన స్విచ్ మీద చెయ్యి పెట్టి, గట్టిగా పీల్చమ్మా అన్నారు.
పీల్చాను.