క్రోమ్ హ్యాండిల్

ఏమండీ,

మీ ఏటిసూతకం ఇలా తీరిందో లేదో, అమ్మాయి కొత్త కారు కొంది. బంపరు, అద్దాల అంచులు, తలుపుల హ్యాండిళ్ళు అన్నీ నలుపే.

"వెండిలా మెరిసే ఆ క్రోమ్ పూత ఏదే?" అని అడిగాను.

"ఇప్పుడెవరు పెడతన్నారమ్మా? ముసలోళ్ళ బండిలా ఉంటది" అంది.

మన అంబాసిడర్ తలుపు మీరెప్పుడూ నన్ను ముట్టుకోనివ్వలేదు. మీరే దిగొచ్చి తీసేవారు. "మీ ఆయనకి ఎంత ప్రేమండీ!" అని అగ్రహారం ఆడవాళ్ళు కుళ్ళుకునేవారు. నా వేలిముద్రలు పడితే మీ క్రోమ్ మాసిపోతుందని వాళ్ళకేం తెలుసు! ఈ ఉప్పుగాలికి అది తుప్పు పట్టకుండా రోజూ నా నేతచీరలు చింపి తుడిచేవారు. నా మొహం వంక అంతసేపు ఎన్నడైనా చూశారా?

ఇవాళ కొత్త కారు పక్కన అలవాటుగా నిలబడిపోయాను.

"తలుపు తియ్యమ్మా, ఎవరొచ్చి తీస్తారనుకున్నావ్?" అంది అమ్మాయి.

తీశాను. ఆ నల్ల ప్లాస్టిక్ మీద నా వేళ్ళ మరకే పడలేదు. అదేమిటో, కాస్త వెలితిగా అనిపించింది.

మీ అంబాసిడర్ని మొన్నే పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేశాను. అతనొచ్చేసరికి ఆవకాయ కలుపుతున్నాను. ఆ చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళి, నాలుగు తలుపులూ నేనే తీసి చూపించాను.