అంచు విరిగిన కత్తి

శనివారం, రాత్రి

ఎన్నో చేతిలో పట్టుకు చూసి, పల్చటి జపాన్ కత్తి కొన్నాను. వారానికే అంచు విరిగింది. మొన్న భోజనానికొచ్చిన స్నేహితుల ముందు రవి, "మా ఆవిడ సెలక్షన్ అంతే" అని నవ్వాడు. కొనడం నాకే చేతకాలేదనుకుని నేనూ నవ్వాను.

ఇవాళ ట్రైన్‌లో పాప, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర 'లా' తగిలిస్తూ, నోరు జారింది. "డాడీ దాంతో కోకోనట్ కొట్టారు లా. నీకు చెప్పొద్దన్నారు."

ఫ్లాట్‌లో నేలకేసి కొడితే టైల్స్ పగులుతాయని, కొబ్బరికాయ కొట్టడానికే పాత బరువు కత్తి విడిగా ఉంచాను. అది వెతకడానికి రవికి బద్ధకం.

ఆ కొబ్బరితో నేనే పచ్చడి చేశాను. బాగుందని మళ్ళీ వేయించుకున్నాడు.

అంచుదేముంది, సాన పట్టించొచ్చు. అన్నీ తెలిసీ అందరి ముందు అలా ఎలా నవ్వాడు? పైగా పాపకి కూడా దాచడం నేర్పాడు. ఇంకా ఏమేం చెప్పొద్దన్నాడో...